చెన్నై ఇంట్లో ఫ్రిజ్: పెట్టే చోటు నుంచి పారేసే రోజు దాకా

ఫ్రిజ్ సరిగ్గా చల్లబరుస్తోందో లేదో చేత్తో తాకి చెప్పలేం. ఎండలోంచి వచ్చిన చేతికి 12 డిగ్రీల నీళ్ల సీసా కూడా హాయిగా చల్లగానే తగులుతుంది. ఆ 12 డిగ్రీల దగ్గరే పాలు విరుగుతాయి, చేప కుళ్లడం మొదలవుతుంది. అందుకని అన్నిటికంటే ముందు ఒక చిన్న ఫ్రిజ్ థర్మామీటరు కొనండి. దాన్ని గ్లాసుడు నీళ్లలో ముంచి మధ్య అరలో రాత్రంతా ఉంచి, పొద్దున్నే తలుపు తీసిన వెంటనే చూడండి. 4 డిగ్రీలు గానీ అంతకు తక్కువ గానీ ఉండాలి, 5 దాటితే ఆహారానికి రక్షణ లేనట్టే. ఫ్రీజరులో అయితే గడ్డకట్టిన రెండు ప్యాకెట్ల మధ్య పెట్టి చూడండి. అక్కడ మైనస్ 18 ఉండాలి.

చల్లదనం పెంచి తగ్గించే మర మీద ఉండే 1, 2, 3 అంకెలు డిగ్రీలు కావు. చాలా ఫ్రిజ్‌లలో అంకె పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుంది. నడిమి అంకె దగ్గర మొదలుపెట్టి, థర్మామీటరు చూసి, ఒక్కో అంకె మార్చండి. మార్చిన ప్రతిసారీ ఒక పూర్తి రోజు ఆగితేగానీ ఫలితం తెలియదు. మే నెల అగ్ని నక్షత్రం అనే మండుటెండల రోజుల్లో చాలిన అంకె డిసెంబరు వానల్లో ఎక్కువైపోయి, కింద అరలో కొత్తిమీర గడ్డకట్టవచ్చు. కాబట్టి ఏడాదికి రెండుమూడు సార్లైనా మార్చుకోవాల్సిందే. రెండు తలుపుల ఫ్రిజ్‌లో ఇంకో చిక్కుంది. కొన్ని మోడళ్లలో ఫ్రీజరులో ఉండే మర, చల్లగాలిని పైకి ఎంత, కిందికి ఎంత అని పంచే మూత మాత్రమే. దాన్ని చివరిదాకా తిప్పితే ఐస్ త్వరగా కడుతుంది గానీ కిందికి గాలి తగ్గి కూరలు పాడవుతాయి. మీ మోడల్ ఎలాంటిదో దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, ఒకసారి తెరిచి చూడండి.

పెట్టే చోటు, కరెంటు

ఫ్రిజ్ లోపలి వేడిని బయటికి తోడిపోస్తుంది. ఆ వేడి పోవడానికి చోటు కావాలి. పాతవాటిలో వేడి వదిలే నల్లటి గొట్టాల జాలీ వెనక కనిపించేది. ఇప్పటి వాటిలో చాలావరకు ఆ గొట్టాలు పక్క గోడల లోపలే ఉంటాయి. అందుకే పక్కలు వేడిగా తగులుతాయి, అది లోపం కాదు. కానీ చెన్నై అపార్టుమెంట్లలో చేసే పెద్ద తప్పు ఇక్కడే ఉంది. చెక్కపని చేయించేటప్పుడు ఫ్రిజ్ కొలతకు సరిగ్గా సరిపోయేలా గూడు కట్టించేస్తారు. వెనక సుమారు 10 సెంటీమీటర్లు, రెండు పక్కలా కనీసం 5, పైన అరచేయి పట్టేకంటే ఎక్కువ ఖాళీ వదలండి. మీ మోడల్ పుస్తకంలో ఇంతకంటే ఎక్కువ రాసి ఉంటే అదే పాటించండి. గాలి ఆడని గూట్లో కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. మన దగ్గర రెండు నెలలకోసారి రీడింగ్ తీస్తారు గనక, కరెంటు ఎక్కువ కాలిపోతున్న సంగతి తెలిసేసరికి అరవై రోజులు గడిచిపోతాయి.

పొయ్యి పక్కన, పడమటి ఎండ పడే కిటికీ ఎదుట వద్దు. ముందు కాళ్లను వెనకవాటికంటే కాస్త ఎత్తుగా తిప్పి పెడితే తలుపు దానంతటదే మూసుకుంటుంది. ఇల్లు మారినప్పుడు నిలబెట్టి తెస్తే రెండు మూడు గంటలు ఆగి ఆన్ చేయండి. పడుకోబెట్టి తేవాల్సి వస్తే ఒక రోజంతా నిలబెట్టి ఉంచడం మంచిది. కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి జారి ఉంటుంది, అది వెనక్కి దిగాలి.

ప్లగ్ గోడ సాకెట్‌లోకి నేరుగా వెళ్లాలి. మిక్సీ, గ్రైండర్, ఫ్రిజ్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడిపితే ఆ బోర్డు వేడెక్కి కరుగుతుంది. మూడో పిన్ను విరిచేసి రెండు పిన్నులతో వాడకండి. తలుపు పిడి పట్టుకుంటే వట్టికాళ్లకు జివ్వుమంటోందంటే, చెప్పులేసుకుని వాడుకోవడం పరిష్కారం కాదు. మళ్లీ ఫ్రిజ్‌ను తాకకుండా ముందుగా మెయిన్ బోర్డులో ఎంసీబీ, అంటే ఆ లైను కరెంటు ఆపే స్విచ్, దించేసి, తర్వాత ప్లగ్ తీసేసి, ఎర్తింగ్ చూపించాకే మళ్లీ పెట్టాలి. తిరువాన్మియూరు, బెసెంట్ నగర్, ఎన్నూరు లాంటి సముద్రం దగ్గరి ఇళ్లలో ఉప్పు గాలికి ఎర్తు తీగ అతుకులు, ప్లగ్ పిన్నులు తుప్పు పడతాయి. అలాంటి ఇళ్లలో ఏటా ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ కొలిపించాలి. మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి. తడి చేతులతో ఫ్రిజ్ తెరిచే ఇంట్లో అది ప్రాణం నిలిపే పరికరం.

స్టెబిలైజర్ కావాలా అన్నది మీ వీధి వోల్టేజీని బట్టి ఉంటుంది. ఫ్రిజ్ ఎంత నుంచి ఎంత వోల్టేజీ దాకా తట్టుకుంటుందో లేబుల్ మీదో పుస్తకంలోనో ఉంటుంది. మీ ఇంట్లో అంతకంటే కిందికో పైకో పోతుంటే స్టెబిలైజర్ పెట్టండి. మూడు నిమిషాలు ఆగి కరెంటు ఇచ్చే రకమైతే మేలు. ఆ మూడు నిమిషాలు ఎందుకంటే, కంప్రెసర్ ఆగిన వెంటనే గొట్టాల్లో ఒకవైపు పీడనం ఎక్కువ, ఇంకోవైపు తక్కువ ఉంటుంది. అవి సమానం కాకముందే మళ్లీ తిరగమంటే మోటారు తిరగలేక వేడెక్కుతుంది, లోపలి రక్షణ స్విచ్ టక్ మని ఆపేస్తుంది. కరెంటు పోయి వస్తూ, పోయి వస్తూ ఉన్నప్పుడు స్టెబిలైజర్ లేనివాళ్లు ప్లగ్ స్విచ్ ఆపేసి, నిలకడ వచ్చాక వేయాలి.

గ్యాస్ సిలిండరు పక్కన ఫ్రిజ్ ఉంటే

ఇది చాలామంది పట్టించుకోని ప్రమాదం. చిన్న వంటగదుల్లో ఫ్రిజ్‌కూ సిలిండరుకూ మధ్య మూరెడు దూరం కూడా ఉండదు. వంటగ్యాస్ గాలికంటే బరువైనది, కారితే నేల మీద పరుచుకుంటుంది. ఫ్రిజ్ కంప్రెసర్, దాన్ని ఆన్ చేసే రిలే ఉండేదీ నేల దగ్గరే. అర్ధరాత్రి అందరూ నిద్రలో ఉండగా ఫ్రిజ్ తనంతట తానే ఆన్ అవుతుంది, ఆ క్షణంలో చిన్న నిప్పురవ్వ పుట్టవచ్చు. గదినిండా గ్యాస్ ఉంటే అది చాలు.

కాబట్టి సిలిండరును ఫ్రిజ్‌కు వీలైనంత దూరంగా, గాలి ఆడే చోట ఉంచండి. బాల్కనీ లోంచి గొట్టం వేయించుకునే వీలుంటే ఇంకా మంచిది. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ ఆపడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి. పొద్దున లేవగానే గ్యాస్ వాసన వస్తే లైటు వేయకండి, ఫ్యాను వేయకండి, ఫ్రిజ్ తలుపు తీయకండి, దాని స్విచ్ ఆపడానికి కూడా ముట్టుకోకండి. తలుపు తీస్తే వెలిగే బల్బుకూ స్విచ్ ఉంటుంది. తలుపులు కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ ఆపి, అందరూ బయటికి వచ్చేయండి. మెయిన్ స్విచ్ ఇంటి బయట, మెట్ల దగ్గర ఉంటే దాన్ని అక్కడ ఆపవచ్చు. తర్వాత బయటి నుంచి 1906కు ఫోన్ చేయండి, అది వంటగ్యాస్ అత్యవసర నంబరు.

తలుపు రబ్బరు, మంచు

పది రూపాయల నోటును తలుపు సందులో పెట్టి మూసి లాగండి. కాస్త బిగువుగా రావాలి. జారిపోతే అక్కడ రబ్బరు పట్టడం లేదు. చుట్టూ ఆరేడు చోట్ల, ముఖ్యంగా మూలల్లో చూడండి. చాలాసార్లు రబ్బరు మడతల్లో జిడ్డు, పిండి మరకలు, బూజు పేరుకోవడమే కారణం. గోరువెచ్చని సబ్బు నీళ్లతో మెత్తని బ్రష్‌తో కడిగి తుడిస్తే సరిపోతుంది. వంకర తిరిగితే వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెట్టి చేత్తో సర్దండి. చిరిగితే మార్చాల్సిందే. చెన్నై గాలిలో తేమ ఎక్కువ, ఆ సందులోంచి లోపలికి పోయే తేమంతా మంచుగా మారి పేరుకుంటుంది. వాన రోజుల్లో తలుపు బయటి అంచున సన్నగా చెమ్మ పడితే మాత్రం కంగారు అక్కర్లేదు, పొడిగుడ్డతో తుడిచేయండి.

ఒక తలుపు ఫ్రిజ్‌లో మంచును మీరే కరిగించాలి. అర సెంటీమీటరు మందం రాగానే చేసేయండి. అంతకు మించితే మంచే దుప్పటిలా అడ్డుపడి చల్లదనం కిందికి దిగనివ్వదు. రాత్రి పూట ఫ్రీజరు ఖాళీ చేసి, మర మధ్యలో ఉండే డీఫ్రాస్ట్ బటన్ నొక్కండి. మంచు కరిగాక ఆ బటన్ దానంతటదే వెనక్కి వచ్చి ఫ్రిజ్ మొదలవుతుంది. మందంగా పేరుకుపోయి ఉంటే ప్లగ్ తీసి, తలుపు తెరిచి, ఫ్రీజరులో ఒక గిన్నెడు వేడినీళ్లు పెట్టండి. కింద పాత తువ్వాళ్లు పరవండి. ఊడి వచ్చిన ముక్కలను చేత్తో తీసేయండి.

కత్తి, స్క్రూడ్రైవరు, గరిటె కాడ, ఏదీ వాడకండి. ఒక తలుపు ఫ్రిజ్‌లో ఫ్రీజరు గోడే చల్లబరిచే భాగం. పల్చటి అల్యూమినియం రేకు మధ్యలో ఫ్రిజ్‌ను చల్లబరిచే గ్యాస్ పారే దారులుంటాయి. సూదిమొన అంత బెజ్జం పడినా గ్యాసంతా పోతుంది. అతికించినా ఎక్కువకాలం నిలవదు, చాలాసార్లు ఆ భాగమంతా మార్చాలి. ఇంటివాళ్ల చేతుల్లో ఒక తలుపు ఫ్రిజ్‌లు పాడవడానికి ఇదొక మామూలు కారణం. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే ఆర్‌600ఏ, అంటే ఐసోబ్యూటేన్, మండే గ్యాస్ కూడా. కొన్ని పదుల గ్రాములే ఉంటుంది గానీ మూసిన గదిలో అదీ ప్రమాదమే. పొరపాటున బెజ్జం పడి బుస్సుమని శబ్దం వస్తే మంట, స్విచ్ జోలికి పోకుండా కిటికీలు తెరవండి.

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో మంచు కనపడకూడదు. పైన ఐస్ కడుతూనే ఉండి కింద మాత్రం చల్లదనం తగ్గితే, వెనక పలక లోపల మంచు గడ్డకట్టి గాలి దారి మూసేసిందని అర్థం. ఫ్యాను గీరుకుంటున్న శబ్దం కూడా రావచ్చు. ప్లగ్ తీసి తలుపులు తెరిచి ఒక రోజంతా వదిలేస్తే మళ్లీ పనిచేస్తుంది. కొన్నాళ్లకే తిరిగి అలాగే అయితే మంచు కరిగించే హీటరు, సెన్సరు, టైమరు వీటిలో ఏదో పోయింది. అప్పుడు ఎవరైనా ‘గ్యాస్ అయిపోయింది’ అంటే నమ్మకండి. గ్యాస్ లేకపోతే పైన ఐస్ కూడా కట్టదు.

నీటి దారి, వెనక తొట్టి, దోమలు

కూరగాయల డబ్బా కింద నీళ్లు చేరుతున్నాయంటే వెనక గోడ అడుగున ఉండే చిన్న రంధ్రం మూసుకుపోయింది. మన ఇళ్లలో దాన్ని మూసేది కరివేపాకు రెబ్బ, లేదంటే పొంగి కారిన ఇడ్లీ పిండి. సూది లేని పెద్ద సిరంజితో గోరువెచ్చని నీళ్లు మెల్లగా కొట్టండి. పిండి ఎండి గట్టిపడితే రెండు మూడుసార్లు కొట్టాల్సి వస్తుంది. ఇనుప తీగ దూర్చవద్దు.

ఆ రంధ్రంలోంచి వచ్చే నీళ్లు ఫ్రిజ్ వెనక, కంప్రెసర్ మీది తొట్టిలో పడి ఆ వేడికి ఆవిరవుతాయి. చెన్నై తేమలో, వానాకాలంలో, అవి పూర్తిగా ఆరవు. డెంగ్యూ మోసే ఏడిస్ దోమ పెట్టే గుడ్లకు ఇలాంటి శుభ్రమైన కొద్దిపాటి నీరే కావాలి. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. అందుకని వారానికి ఒక రోజు పెట్టుకుని ఆ తొట్టి ఖాళీ చేయండి. ముందు ప్లగ్ తీయండి, కంప్రెసర్ వేడిగా ఉంటే చల్లారనివ్వండి. తొట్టి ఊడి వస్తే తీసి, లోపలి అంచులు బ్రష్‌తో రుద్ది కడిగి, ఆరబెట్టి పెట్టండి. గుడ్లు అంచులకు అంటుకుని ఉంటాయి గనక నీళ్లు ఒంపేస్తే సరిపోదు. ఊడి రాకపోతే పాత గుడ్డతో నీళ్లు పీల్చి అంచులు గట్టిగా తుడవండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చాక ఫ్రిజ్ వెనక చూడటం కంటే ఇది తేలిక.

లోపల కడగడానికి లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల వంట సోడా చాలు. చల్లగా ఉన్న గాజు అర మీద వేడినీళ్లు పోస్తే పగులుతుంది, బయట పెట్టి మామూలు వేడికి వచ్చాక కడగండి. వెనక జాలీ ఉన్న ఫ్రిజ్‌కు మూడు నెలలకోసారి మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి.

లోపల ఏది ఎక్కడ

అన్నిటికంటే వేడిగా ఉండేది తలుపు. పాల ప్యాకెట్లు అక్కడ కాదు, లోపల అరలో వెనగ్గా పెట్టాలి. తలుపులో ఆవకాయ, సాసులు, నీళ్ల సీసాలు ఉండవచ్చు. పచ్చి చేప, మాంసం మూత గట్టిగా ఉన్న డబ్బాలో అన్నిటికంటే కింది అరలో పెట్టాలి, వాటి నీరు వండిన కూర మీద పడకూడదు. కాశిమేడు చేపల రేవు నుంచి తెచ్చిన చేప ఒకటి రెండు రోజుల్లో వండకపోతే తెచ్చిన రోజే ఫ్రీజరులో పెట్టండి. కానగంతలు, సూర చేప ఎండలో ఎక్కువసేపు ఉంటే హిస్టమిన్ పుడుతుంది. తర్వాత ఫ్రీజరులో పెట్టినా, ఎంత ఉడికించినా అది పోదు. అందుకని ఐసు వేసి ఇంటికి తేవడం ముఖ్యం. గడ్డకట్టిన చేపను వంటగట్టు మీద కాకుండా, ముందు రాత్రే కింది అరలోకి దించి కరగనివ్వాలి.

ఇడ్లీ పిండి పొంగిన వెంటనే లోపల పెట్టాలి. పెద్ద గిన్నె నిండా ఉంటే నడుమ పిండి చల్లబడటానికి గంటలు పడుతుంది, ఆలోగా పులుస్తూనే ఉంటుంది. లీటరు, రెండు లీటర్ల డబ్బాల్లోకి పంచి, ప్రతి డబ్బాలో మూడో వంతు ఖాళీ వదలండి. ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి తీస్తే మిగతాది మూడు నాలుగు రోజులు బాగుంటుంది.

‘పూర్తిగా ఆరాకే ఫ్రిజ్‌లో పెట్టాలి’ అని సాంబారు గిన్నెను రాత్రంతా బయట ఉంచడం సరికాదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు వేగంగా పెరుగుతాయి. వండింది మామూలుగా రెండు గంటల్లో, గది 32 డిగ్రీలు దాటితే ఒక గంటలో లోపలికి వెళ్లాలి. మే నెలలో చెన్నై వంటగదికి ఒక గంట లెక్కే పెట్టుకోండి. వెడల్పు పాత్రలోకి మార్చి, నీళ్ల బేసిన్‌లో కూర్చోబెట్టి కలుపుతుంటే త్వరగా ఆరుతుంది. అన్నం విషయంలో మరీ జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బయట ఉన్న అన్నంలో వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాటికల్లా తినేయాలి, పప్పు, కూర మూడు రోజులు దాటనివ్వకండి.

అరటిపళ్లు, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు బయటే ఉండాలి. మామిడి పండాక పెట్టండి, కాయగా పెడితే సరిగ్గా పండదు. ఇక ఇన్సులిన్. తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య, మధ్య అరలో, డబ్బాలో ఉండాలి. తలుపులో వద్దు, ఫ్రీజరు కింద వద్దు, వెనక గోడకు ఆనించవద్దు. ఒక్కసారి గడ్డకడితే కరిగినా పనికిరాదు, పారేయాలి.

కరెంటు పోయినప్పుడు, నీళ్లు వచ్చినప్పుడు

తలుపు తీయకపోతే ఫ్రిజ్ సుమారు 4 గంటలు, నిండిన ఫ్రీజరు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. రబ్బరు వదులైన ఫ్రిజ్‌కు ఈ లెక్కలు వర్తించవు. నిర్వహణ పనుల కోసం పగటిపూట కరెంటు ఆపుతామని ముందే ప్రకటిస్తారు గదా, ముందు రోజే మూడొంతులు నీళ్లు నింపిన సీసాలు ఫ్రీజరులో గడ్డకట్టించి ఉంచుకోండి. ఆ పొద్దున వాటిలో రెండు కింది అరలోకి దించి తలుపు మూసేయండి. పాలు, పెరుగు, వండినవి, చేప, మాంసం 5 డిగ్రీలు దాటి రెండు గంటలకు మించి ఉంటే వాసన బాగున్నా పారేయాలి.

సంక్రాంతికి ఊరికెళ్లేటప్పుడు ఒక కప్పు నీళ్లు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజరులో ఉంచి వెళ్లండి. తిరిగొచ్చేసరికి బిళ్ల ఐసు అడుగున ఉంటే, మీరు లేనప్పుడు కరెంటు చాలాసేపు పోయి అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. ఫ్రీజరులోని మాంసం, చేప పారేయాలి.

2015 డిసెంబరులో, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో వేళచ్చేరి, ముడిచ్చూరు వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అలాంటి హెచ్చరిక ఉన్నప్పుడు నీళ్లు గడప దాటకముందే మెయిన్ ఆపి ప్లగ్ తీసేయండి. ఫ్రిజ్ నీటిలో తేలి పక్కకు ఒరుగుతుంది, అప్పుడు దాని దగ్గర నిలబడవద్దు. నీళ్లు తీశాక ఆరినట్టు కనిపించినా ఆన్ చేయకండి. రిలే, తీగలు, గోడల లోపలి ఫోమ్ నీళ్లు పట్టి ఉంటాయి. టెక్నీషియన్ విప్పి చూసి, షాక్ లేదని కొలిచాకే వాడాలి. వరదనీరు తగిలిన ఆహారం ఏదీ ఉంచుకోకండి.

గ్యాస్ నింపించేటప్పుడు, పాతది వదిలించుకునేటప్పుడు

ఫ్రిజ్‌లో గ్యాస్ వాడకంతో తరగదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ఆ చోటు వెతకకుండా నింపి వెళ్లిపోతే కొన్ని వారాలకు మళ్లీ అదే పని. సరైన పని క్రమం ఇది: నైట్రోజన్ ఎక్కించి లీకు పట్టుకోవాలి, దాన్ని మూయాలి, ఫిల్టర్ మార్చాలి, వాక్యూమ్ పంపుతో గాలి, తేమ లాగేయాలి, ఫ్రిజ్ లేబుల్‌లో ఉన్న గ్యాస్‌నే, అక్కడ రాసిన గ్రాముల్లోనే తూకం వేసి నింపాలి. తూకం యంత్రం తేని మనిషి చేత ఆర్‌600ఏ నింపించకండి. వెల్డింగ్ మంట వెలిగించే ముందు పాత గ్యాసంతా బయటికి పోవాలి, కిటికీలు తెరిచి ఉండాలి, పిల్లలు ఆ గదిలో ఉండకూడదు.

పాడైన ఫ్రిజ్‌ను మేడ మీదో, మెట్ల కిందో, ఒక్క రోజు పెట్టినా ముందు తలుపు ఊడదీయండి. ఆడుకుంటూ లోపల దాక్కున్న పిల్లలు ఊపిరాడక చనిపోతారు. తలుపు ఊడకపోతే తాడుతో గట్టిగా కట్టి, తలుపు వైపు గోడకు తిప్పి ఉంచండి. ఫ్రిజ్ ఇ-వ్యర్థాల కిందికి వస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇ-వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని రిజిస్టరైన రీసైక్లింగ్ సంస్థలకే చేర్చాలి. కొత్తది కొనేటప్పుడు షాపువాళ్లనో, ఆ కంపెనీ సేవా కేంద్రాన్నో అడిగితే పాతదాన్ని తీసుకెళ్లే ఏర్పాటు చెబుతారు. పాత సామాన్లవాడికి ఇస్తే రాగి గొట్టాలు కోసుకుని గ్యాస్‌ను గాలిలోకి వదిలేస్తారు, ఫోమ్‌ను కాల్చేస్తారు.